తాళ్లవాగు గేటుకాడ చెయ్యి లేని దీపం

మంచిర్యాల బస్టాండు ఎనుక గల్లీల, మందుల దుకాణం పక్కన నా ఫోటో స్టూడియో. నా పేరు రాజలింగు. పదో తరగతి రెండోసారికి గట్టెక్కిన. చదువు అంతే గని మాటలకు మాత్రం తక్కువ లేదు. "నువ్వు జరసేపు నోరు మూస్తె గిరాకి ఫోటోల సక్కగ పడ్తది, లేకుంటె నీ ముచ్చట ఇనుకుంట నోరు తెరుసుకోని పడ్తది" అని నా భార్య జ్యోతిరాణి అందరి ముంగటనే అంటది. నిజమే. నాకు మనుషులంటె సంబురం. మొకాలంటె ఇంకా సంబురం.

నాకు బాగ వచ్చిన పని ఒక్కటుంది. చచ్చిపోయినోల్ల కండ్లు తెరిపిచ్చుడు. భయపడకుండ్రి, ఇది మా దుకాణాలల్ల రోజు జరిగే పనే. ఇంట్ల ఎవలన్న పోతె గోడకు పెద్ద ఫోటో కావాలె. ఇంట్లోల్లు ఉరుక్కుంట వస్తరు. చేతుల ఒకటే పాత ఫోటో ఉంటది, ఎవలిదో పెండ్లిల గుంపుల నిలవడ్డది. అండ్ల ఆ మనిషి సరిగ్గ ఫ్లాష్ కొట్టంగనే కండ్లు మూసుకోని ఉంటడు. మేం ఆ మొకాన్ని కత్తిరిచ్చి, పెద్దగ చేసి, కండ్లు తెరిపిచ్చి ఇయ్యాలె. నాకు పని నేర్పిన ఉస్తాద్ రాయమల్లు ఇదంత పెన్సిల్ తోటి చేస్తుండె. ఇప్పుడు కంప్యూటర్ వచ్చింది. అయినా ఆఖరి పని నేను చేతితోనే చేస్త. ప్రింట్ మీద, సన్న కుంచెతోటి, కంటి నల్లగుడ్డు మీద ఒక తెల్ల సుక్క. సూది మొనంత. ఆ సుక్క పెట్టనంతసేపు అది కాయిదం. సుక్క పడంగనే మనిషి సూస్తడు.

"సుక్క పెట్టేటప్పుడు ఎదురుంగ నిలవడకురా. పక్కకు జరిగి పెట్టు" అంటుండె రాయమల్లు. ఎందుకని అడిగితె నవ్వేటోడు, చెప్పకపోతుండె.

మొన్నటి చలికాలంల విజయేందర్ సారు మా దుకాణానికి వచ్చిండు. మా గల్లీల కారు పట్టదు. అయినా మూలమలుపు దాక తోలి, అడ్డం పెట్టి, కూరగాయల బండి ఆమెను ఎనుకకు పొమ్మని హారన్ కొట్టుకుంటనే ఉన్నడు. ఊరి బయట, పెద్దరోడ్డు ఒడ్డుకు ఆయన కొత్తగ హోటల్ కట్టిండు. లోపలంత పాత రైలు తీరు. రైలుపెట్టె సీట్లు, సప్లై చేసే పిల్లలకు నల్లకోట్లు, బిల్లు రైలు టికెట్ లెక్క. ఇగ గోడలకు అసలైన పాత ఫోటోలు కావాల్నట.

"రాజలింగు, సూడు. ఇసొంటివి దేశంల ఇంకొకల తాన లెవ్వు" అని ఒక డబ్బ టేబుల్ మీద పెట్టిండు.

తెరిసి సూసి నేను మస్తు ఖుషీ అయిన. నిజం చెప్పాలె గద. అన్ని రైలుగేట్లు, సిగ్నల్లు. నిజాం పోయిన కొత్తలయ్. రైల్వేల పనిచేసిన ఒక పెద్దసారుకు సిగ్నల్ల పిచ్చి ఉండెనట. ఎక్కడ గేటు కనపడితె అక్కడ దిగి ఫోటో తీసుడే. ఆయన పోయినంక మనుమలు పాత సామాన్లతోటి కలిపి అమ్ముకున్నరు. ఒకదాంట్ల కట్టె గేటు, దాని నడుమ బండి చక్రమంత గుండ్రటి పలక. నలుపు తెలుపు ఫోటోనే గని అది ఎరుపని మనకు తెలుస్తనే ఉంటది. ఇంకోదాంట్ల ఆకాశానికి నిలవడ్డ ఇనుప స్తంభం, దానికొక రెక్క. రెక్క అడ్డం ఉంటె బండి ఆగాలె, కిందికి వాల్తె రావాలె. మరోదాంట్ల తుమ్మ కొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. బండి వచ్చే ముందు దాన్ని ఇనుప కడ్డీతోటి కొట్టేటోల్లు. ఠంగ్... ఠంగ్... నా చిన్నప్పుడు నేను సుత ఇన్న.

ఆఖరి ఫోటో అన్నిటికంటె సాఫుగున్నది. గేటు మూసి ఉన్నది. గేటుకు ఇవుతల ముక్కు పొడుగున్న పాత కారు, అండ్ల తలపాగ మనిషి. గేటు ముంగట ఖాకీ అంగి తొడుక్కున్న ఒకాయన, ఎడమచేత్తోటి దీపం ఎత్తి పట్టుకోని నిలవడ్డడు. కండ్లు మూసుకున్నడు. మొకం మీద ఏటవాలుగ ఒక సన్న గీత. గేటు పక్కన మనుషులు నడిచిపోయే ఇరుకు సందు, అండ్ల నెత్తి మీద గిన్నె పెట్టుకున్న చిన్న పొల్ల.

"గా కార్ల కూసున్నది మా తాత" అన్నడు విజయేందర్ సారు. "తాళ్లవాగు గేటది. నా హోటల్ గా జాగలనే కట్టిన. పట్టాలు ఎప్పుడో అవుతలికి జరిగినయ్. గీ ఫోటోను హాల్ నడుమ గోడంత పెట్టాలె."

అదే వారంల మగ్దలేనమ్మ అవ్వ వచ్చింది. కంపెనీ క్వార్టర్లల ఉంటది. కొడుకు జాన్సన్ బొగ్గుబాయిల పనిచేస్తడు. ఎనభై దగ్గరవడ్డా ప్రతి ఆదివారం మెథడిస్టు చర్చికి నడిచే పోతది. మనుమరాలు స్తుతిని ఎంటవెట్టుకోని పింఛను ఫోటోకు వచ్చింది.

"నవ్వాల్నా కొడుకా?"

"నవ్వకే అవ్వా. నవ్వితె గీమెకు పింఛను ఎందుకంటరు."

"అట్లయితె ఏడ్వనా?"

"నడిమిట్ల ఉండు."

స్తుతి కిసకిస నవ్వింది. నేను కెమెరా సదురుకునేలోపల అవ్వ నవ్వు ఆగింది. ఆమె నన్ను సూస్తలేదు. నా ఎనుక కంప్యూటర్ల తాళ్లవాగు ఫోటో తెరిసి ఉన్నది. లేసి దగ్గరికి వచ్చింది. చీర కొంగుతోటి అద్దం తుడిసినట్టు తెర తుడిసింది.

"గీ పొల్లను నేనే" అన్నది.

"ఏందే నాయినమ్మా, నువ్వు ఫోటోలకు ఎట్ల పోయినవ్?" అన్నది స్తుతి.

"గా సద్దిగిన్నె ఇంకా మన ఇంట్లనే ఉన్నది. అడుగుకు సొట్ట ఉంటది సూడు. గీయన... మా బాపు. అబ్రహాం. గేటుకాడ నౌకరి." ఆమె వేలు తెర మీద ఆ మొకంకాడ ఆగింది. "బాపుకు సద్ది తీస్కపోయిన ఆ దినం. దొర కారు వచ్చింది. గేటు తియ్యిమన్నడు. బండొస్తది దొరా అన్నడు బాపు. బండేదిరా, ఏడున్నదిరా అన్నడు దొర. నిజంగనే లేకుండె కొడుకా. నేను సూసిన. రెండు దిక్కుల పట్టాలు ఖాళీ. బాపు మాత్రం తియ్యలే. ఎవలో సారు దూరంకెల్లి ఫోటో తీస్తుండు. దొర డ్రైవరుకు సైగ చేసిండు. డ్రైవరు చేతుల కొరడ."

నేను ఫోటోను పెద్దగ చేసి సూసిన. ఒక అంచుకు, కారు ఎనుకకెల్లి, చాపిన చెయ్యి ఒకటి. మోచేతి దాక.

"కొడుతనే ఉన్నరు. బాపుది ఒకటే మాట. బండొస్తది దొరా, బండొస్తది. ఆఖరికి పడిపోయిండు. గేటు వాల్లే తీసుకోని పోయిన్రు. ఏం కాలే. బండి రాలే. లేని బండికి గేటేసిండు, పొగరువట్టినోడని ఊరంత అన్నరు. మిషన్ దవాఖానల పానం ఇడిసేదాక బాపుది అదే మాట."

"మరి బండి ఎప్పుడొచ్చిందే అవ్వా?"

"గా దినం బండి రానే రాలేదట కొడుకా."

స్తుతి నవ్వుతలేదు ఇగ. నాకు కడుపుల మండింది. ఎవల మీదనో తెల్వది. ఎప్పుడో సచ్చిన దొర మీద కోపం పెట్టుకోని ఏం లాభం? అయినా మండింది.

"మా ఇంట్ల అందరి ఫోటోలున్నయ్, మా బాపుదే లేదు" అన్నది అవ్వ. "మొకం సుత యాది లేదు నాకు. రేపు నేను పైకి పోయినంక ఎట్ల గుర్తువట్టాలె చెప్పు? గీ మొకం నాకు చేసియ్యి కొడుకా. కండ్లు మూసుకున్నడు, జర తెరిపియ్యి."

"చేసిస్తనే అవ్వా. మొకం మీద గీత పడ్డది, పాత ఫోటో గద. అది సుత..."

"గీత గాదది. కొరడ."

మౌసు మీదికెల్లి చెయ్యి తీసిన.   అడిగిన, "మరి ఉంచాల్నా, తుడువాల్నా?"

"తుడువు" అన్నది. "ఒక్క దెబ్బన్న తక్కువైతది."

పోయేటప్పుడు గడపకాడ ఆగి ఇంకోమాట చెప్పింది. "మా బాపు ఎవల్ని సతాయించేటోడు కాదు కొడుకా. కాళ్ల మీద వచ్చెటోన్ని ఎన్నడు ఆపలే. నడిచెటోల్లకు పక్క సందు ఉండనే ఉండె. గేటు బండ్లకే."

విజయేందర్ సారును అడగకుంట చేసుడు ధర్మం కాదని ఫోన్ చేసిన. ముసలామె, ఒక్క మొకం, ఇంతే అని చెప్పిన. ఆయన గంటలో దుకాణంల ఉన్నడు. హారన్ సంగతి చెప్పే పనిలేదు.

"అరుదైన ఫోటోలని బోర్డు పెడ్తున్ననయ్యా. కాపీలు ఇంటింటికి పంచితె ఇగ అరుదేంది? అసలు గీ గేటోడు నడుమల ఎందుకు? మా తాత కారు, సిగ్నలు. గంతే ఉండాలె."

అని ఆయన ఫోన్ తీసి, ఫోటో తెరిసి, వేలుతోటి గీకిండు. ఒక్కటే వేలు. అబ్రహాం పోయిండు. ఇంకోసారి గీకిండు. సద్దిగిన్నె నెత్తి మీద పెట్టుకున్న పొల్ల పోయింది. బతికున్న మనిషిని, అప్పుడే నా దుకాణంకెల్లి నడిచిపోయిన మనిషిని, ముక్కు తుడుసుకున్నంత అల్కగ తుడిచేసిండు. నేను సూస్తనే ఉన్న. పండ్లు పటపట కొరికిన.

కని ఒకటి జరిగింది. మనిషి పోయిండు గని దీపం పోలే. గేటుకు సంబంధించిన సామానని అనుకున్నదో ఏమో ఆ ఫోను, దీపాన్ని ఉంచింది. మూసిన గేటు ముంగట, మనిషి ఎత్తుల, గాలిల ఒక దీపం. పట్టుకున్న చెయ్యి లేదు.

"బాగనే ఉన్నది. సిగ్నల్ దీపమే గద. గిదే కొట్టు" అన్నడు. నా కంప్యూటర్లకెల్లి అసలు ఫోటోను నాతోనే తీసేయించిండు. డబ్బ సంకల పెట్టుకోని పోయిండు.

ఆయనకు తెల్వనిది ఒకటే. అబ్రహాం మొకం ప్రింటు ఒకటి అప్పటికే నా సొరుగుల ఉన్నది.

మర్నాడు పగటిపూట కూసోని ఆ పని చేసిన. కంప్యూటర్ల లేదు గద, రాయమల్లు తీరు ప్రింటు మీదనే గీత తుడిచిన. కనురెప్పలు తెరిచిన, మగ్దలేనమ్మ కండ్లను సూసి ఆ తీరుగనే దిద్దిన. ఇగ సుక్క. కుంచె ముంచిన. కోపంల ఉన్న గద, రాయమల్లు మాట యాదికి రాలే. ఎదురుంగ కూసోనే పెట్టిన. ఎడమ కంటికి ఒకటి. కుడి కంటికి ఒకటి.

ఠంగ్...

ఎక్కడనో. దూరంగ. ఇనుము మీద ఇనుము.

గల్లీల ఎవలో గ్యాసు బండ దించిన్రేమో అనుకున్న. అంతల లోపలికెల్లి జ్యోతిరాణి అరిచింది. "ఏమయ్యో, గ్యాసునూనె ఒలకవోసినవా? కంపు కొడ్తుంది!"

కిరోసిన్ దీపాలు పోయినంక మా ఇంట్ల గ్యాసునూనె లేక ఏండ్లయింది.

హోటల్ మొదలుపెట్టే దినం సాయంత్రం. ఫ్రేములన్ని ఆటోల ఏసుకోని పోయిన. అవ్వ ఆ జాగ ఒక్కసారి సూస్తనన్నది, ఆమెను స్తుతిని అదే ఆటోల ఎక్కించుకున్న. పని అయినంక మొకం ఫోటో అక్కన్నే ఆమె చేతుల పెడ్దామని నా సంచిల పెట్టుకున్న. వాచ్‌మన్ నన్ను లోపలికి ఇడిసిండు. వాల్లను ఇడువలే. "పిలుపు ఉన్నోల్లకే" అన్నడు. తండ్రి రక్తం కారిన జాగకు బిడ్డకు పిలుపు కావాల్నట! అవ్వ నా చెయ్యి పట్టుకోని "లొల్లి వెట్టకు కొడుకా, ఇక్కన్నే నిలవడ్త" అన్నది. గోడ బయట నిలవడ్డది.

లోపల చల్లగున్నది. కొత్త రంగు వాసన. వంటోల్లు ఎనుక పందిట్ల ఉన్నరు, పిలిచినోల్లు బయట లైట్ల కింద చేరుతున్నరు. హాల్ల నేను, విజయేందర్ సారు, ఇద్దరమే. చిన్న ఫోటోలన్ని పెట్టిన. ఆఖరికి నడిమి గోడకు పెద్దది ఎక్కిచ్చిన. మూసిన గేటు. ముక్కు పొడుగు కారు. గాలిల దీపం.

దిగి ఎనుకకు తిరిగేసరికి నా సంచి ఆయన చేతుల ఉన్నది. మొకం ఫోటో బయటికి తీసిండు.

"దొంగపని చేసినవన్నట్టు."

"సార్, అది ముసలామెది. బయట నిలవడ్డది. ఇయ్యుండ్రి."

"అసలుదే చింపి పొయ్యిల ఏసిన నేను. ఇంక ఇదొక్కటి మిగిలిందా?"

"సార్, మీకు దండం పెడ్త. ఆమెకు తండ్రి మొకం లేదు ఇంకోటి."

నవ్విండు. రెండు చేతులతోటి ఫోటో రెండు అంచులు పట్టిండు. చింపుదామని.

ఠంగ్...

ఈసారి దూరంగ లేదు.

లైట్లు పోయినయ్. కరెంటు పోలే, బయట లైట్లు ఎలుగుతనే ఉన్నయ్, పిలిచినోల్లు నవ్వుతనే ఉన్నరు. ఒక్క హాల్లనే చీకటి. గ్యాసునూనె వాసన. దాని ఎనుక బొగ్గుపొగ, పచ్చిగ, ముక్కుల మండేటట్టు. విజయేందర్ సారు చేతులకెల్లి ఫోటో జారి కిందవడ్డది.

"జనరేటర్ ఎయ్యుండ్రా!" అని అరిచి అద్దాల తలుపు గుంజిండు. రాలే. అవుతలికెల్లి ఒకాయన సుత గుంజుతుండు. మేం ఆట ఆడుతున్నమని నవ్వుతుండు. ఆయన మాట మాకు ఇనవడ్తలేదు. మా మాట ఆయనకు ఇనవడ్తలేదు.

మెల్లగ... ఎలుగు వచ్చింది. ఎర్రగ.

నేను గోడ దిక్కు సూసిన. ఫోటోల గేటు ఉన్నది. కారు ఉన్నది.

దీపం లేదు.

ఎరుపు మా ఎనుకకెల్లి వస్తుంది.

నేను తిరుగలే. తిరగబుద్ధి కాలే.  ముంగట గోడ మీద మా నీడలు పడ్డయ్. పొట్టిది నాది. పొడుగుది ఆయనది. వాటి నడుమ... ఎడమచెయ్యి ఎత్తిన నీడ ఒకటి.

చెవి పక్కన్నే అన్నట్టు, అలిసిపోయిన గొంతు.

"బండొస్తది... దొరా."

"ఎవడ్రా అది?" విజయేందర్ సారు గొంతు చీలిపోయింది. "బండేదిరా? ఏడున్నదిరా బండి?"

మగ్దలేనమ్మ చెప్పిన ముచ్చట నేను ఆయనకు చెప్పలే. ఒట్టు. ఆ మాటలు ఆయనకు ఎవలు చెప్పిన్రో నాకు తెల్వది.

ఫ్రేములు ఎక్కిచ్చే పొడుగు కట్టె అందుకున్నడు. తలుపు అద్దం మీద కొట్టిండు. ఠంగ్. అద్దం సప్పుడు కాదది. మళ్ల కొట్టిండు. ఠంగ్. మూడోసారి చెయ్యి లేపిండు...

చట్.

చిన్న సప్పుడు. తడిబట్ట బండకు కొట్టినట్టు.

కట్టె కిందవడ్డది. ఆయన రెండు చేతులు మొకానికి పోయినయ్. అరువలే. అరుపు సుత రాలే. చేతులు తీసినంక ఆ ఎర్ర ఎలుగుల సూసిన. ఎడమ కనుబొమ్మ మీదికెల్లి, ముక్కు దాటి, కుడి దవడ దాక. ఏటవాలుగ.

నేను తుడిచిన గీత. నా చేత్తోటి తుడిచిన. ఆ వాలు నాకు తెల్వదా? ఆ పొడుగు నాకు తెల్వదా?

గప్పుడు యాదికి వచ్చింది, కాళ్ల మీద వచ్చెటోన్ని ఆపలేదన్న మాట. నేను గోడ దిక్కే సూసుకుంట అన్న. "తాతా... నేను కాలినడకోన్ని. ఆటోల వచ్చిన గని... అది కిరాయిది. నడిచే పోత."

గోడకే మొకం పెట్టి ఒక్కడుగు పక్కకు జరిగిన. 

పక్కన, వంటరూము దిక్కు చిన్న తలుపు కిర్రుమన్నది. ఒక్క మనిషి అడ్డంగ జరిగి పోయేటంత. నేను వంగి, కింద తడిమి, ఫోటో అందుకోని, గోడకు ఆనుకోని జరిగిన. బొగ్గుపొగ వాసన నన్ను రాసుకోని పోయింది. కొరడ దెబ్బల అంగి వాసన ఎట్లుంటదో నాకు తెల్వదు గని, చెమట, రక్తం...

"రాజలింగూ! ఆగు!" అని ఆయన ఉరికొచ్చిండు. నేను దాటినంక తలుపు ఆయన మొకం మీదనే మూసుకున్నది. కారు తాళంచెవి ఆయన చేతుల గలగలమన్నది.

గోడ బయట అవ్వ అట్లనే నిలవడ్డది. చేతుల ఫోటో పెట్టిన. వీధిలైటు కిందికి వంచి సూసింది. మస్తుసేపు సూసింది. "బాపూ" అన్నది. తర్వాత హోటల్ దిక్కు తిరిగి, పిల్లలకు చెప్పినట్టు మెల్లగ అన్నది. "సాలు బాపూ. ఇంటికి పోదాం రా."

హాల్ల లైట్లు వచ్చినయ్. అద్దాల తలుపు తెరుసుకున్నది. పిలిచినోల్లు చప్పట్లు కొట్టుకుంట లోపలికి పోయిన్రు. విజయేందర్ సారు మొకానికి దస్తీ అడ్డం పెట్టుకోనే రిబ్బను కత్తిరిచ్చిండట. ఫ్రేము అద్దం కోసుకున్నదని చెప్పిండట.

అంతటితోటి అయిపోతె నేను ఇది రాయకపోయేటోన్ని.

హోటల్ మస్తు నడుస్తుంది. జనం ఆ ఫోటో ముంగట నిలవడి సెల్ఫీలు తీసుకుంటున్నరు. గాలిల దీపం ఏదో కంప్యూటర్ పనితనమని మెచ్చుకుంటున్నరు. ఆయన మొకం మీది గీత మాత్రం పోలే, పౌడర్ కొట్టుకోని తిరుగుతుండు. తప్పయిందని మగ్దలేనమ్మకు ఒక్క మాట చెప్పుమని పోయి అడిగిన. వాచ్‌మన్‌ను పిలిచిండు.

అవ్వ ఇంట్ల అబ్రహాం పేరు మీద ప్రార్థన కూడిక పెట్టిన్రు. పాస్టరు వచ్చిండు, జాన్సన్ డ్యూటీ దిగి బొగ్గు మొకంతోనే కూసున్నడు. గోడ మీద ఫోటో. నేను అలవాటుగ దగ్గరికి పోయి నా పనిని సూసుకున్న. సూసుకోని, నా జేబుల భూతద్దం తీసిన.

సుక్కలు. నేను పెట్టింది సూది మొనంత. ఇప్పుడు నువ్వుగింజంత ఉన్నయ్. ఇంకొకటి... నేను ఎప్పుడు సుక్కను గుడ్డుకు పక్కకు పెడ్త. కిటికీ ఎలుగు పడ్డట్టు ఉండాలెనని. నడుమల ఎన్నడు పెట్ట. ఇవి నడుమలకు వచ్చినయ్. నడుమల ఉన్నదంటె, ఆ మనిషికి ఎలుగు ఎదురుంగ వస్తున్నట్టు.

కొన్ని దినాలకు మళ్ల పోయి సూసిన. జొన్నగింజంత.

కోపం పక్కకు పెట్టి విజయేందర్ సారు తానకు మళ్ల పోయిన. "సార్, ఆ హాలు మూసెయ్యుండ్రి. పాత పట్టాల జాగ అది. ఆ దీపం పట్టినాయన గేటు ఇంకా తియ్యలే. మూసిండంటె ఏదో వస్తున్నట్టే" అన్న. ఆయన పౌడర్ కింద ఆ గీత ఎర్రగైంది.

"బండేది రాజలింగు?" అని నవ్విండు. "మా బిడ్డ రిసెప్షన్ ఉన్నది హాల్ల. వచ్చి ఫోటోలు తియ్యి. పిచ్చి ముచ్చట్లు బంద్ వెట్టు."

ఆ రిసెప్షన్ ఇయ్యాల సాయంత్రమే. కార్లు అప్పుడే జమైనయట. "పోకు" అంటుంది జ్యోతిరాణి. ఆయన మీద నాకెంత కోపమున్నా, లోపల కూసుండెటోడు ఆయనొక్కడే కాదు గద. పిల్లజెల్ల ఉంటరు. నాలుగు మొకాలనన్న బయటికి గుంజుకరావాలె. పోత. నడిచే పోత.

కెమెరా సర్దుకుంటుంటె మగ్దలేనమ్మ ఫోన్ చేసింది.

"కొడుకా, మా బాపు ఫోటో అద్దం గజగజ వణుకుతుంది. గోడ మీది తక్కినయ్ ఏం కదుల్తలేవు."

"అవ్వా... సుక్క ఎంతున్నది? కంట్ల సుక్క?"

 ఫోన్ల ఆమె గోడ దగ్గరికి జరిగినట్టు, చీర కొంగుతోటి అద్దం తుడిసినట్టు సప్పుడు.

"సుక్కేది కొడుకా?" అన్నది. "కండ్లు మొత్తం తెల్లగనే ఉన్నయ్."